ఎనిమిది గీతలా, రెండా?

మా వారాంతపు బ్యాండులో ఆరు తీగల బేస్ గిటార్ వాయించే మిత్రుడికి మొన్న ఒక పాట నొటేషన్ రాసిచ్చాను. సోలో దగ్గర ట్రెబుల్ క్లెఫ్ పెట్టా. నేను అనుకున్నదానికి ఒక స్థాయి పైన వాయించేశాడు. "నువ్వు రాసిందే వాయించా కదరా" అన్నాడు. కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. ఇంటికొచ్చి కాస్త చదివాక తెలిసింది, ఈ గొడవ మాతో మొదలైంది కాదని.

క్లెఫ్ అంటే మూలంలో తాళంచెవి. 11వ శతాబ్దంలో ఇటలీలో గీడో అనే సన్యాసి, ఏ గీత ఏ స్వరమో తెలియడానికి ఎఫ్ గీతకి ఎరుపు, సి గీతకి పసుపు వాడాడు. గీతల పక్కన రాసే అక్షరాలే రానురాను వంపులు తిరిగి క్లెఫ్‌లయ్యాయి. ఎఫ్ బేస్ క్లెఫ్ అయింది, జి ట్రెబుల్ క్లెఫ్ అయింది.

డబుల్ బేస్‌కి అసలు స్వరం కంటే ఒక స్థాయి పైన రాయడం పాత అలవాటు. లేకపోతే కింద అదనపు గీతలు పేరుకుపోతాయి. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాక బేస్ గిటార్‌కీ అదే అలవాటు వచ్చింది. నాలుగు తీగలకి అది బాగానే సరిపోయింది. 1975లో ఆంథొనీ జాక్సన్ కోరి మరీ కార్ల్ థాంప్సన్ చేత ఆరు తీగలది చేయించుకున్నాడు. ఇప్పటి మామూలు శ్రుతిలో కింది తీగ బి, సుమారు 31 హెర్ట్జ్. దానికి రెండు అదనపు గీతలతో పని జరిగిపోతుంది. చిక్కంతా పైన ఉన్న సి తీగతోనే. దాని 24వ ఫ్రెట్ బేస్ క్లెఫ్‌లో రాస్తే పైన ఎనిమిది అదనపు గీతలు! వాయించేవాడు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. అదే ట్రెబుల్ క్లెఫ్‌లో అయితే రెండే.

మరి క్లెఫ్ మారితే ఆ ఒక స్థాయి తేడా కూడా పోతుందా, ఉంటుందా? మా గొడవ సరిగ్గా ఇక్కడే. చెల్లోవాళ్ళు ఎప్పుడో పడ్డ బాధ ఇది. బీథోవెన్, డ్వోరాక్ లాంటివాళ్ళు చెల్లోకి ట్రెబుల్ క్లెఫ్‌లో రాసిన కొన్ని చోట్ల ఒక స్థాయి కింద వాయించాలి. ఆ సంగతి తెలియనివాడు పైన వాయిస్తాడు. గిటార్‌కైతే ట్రెబుల్ క్లెఫ్ ఎప్పుడూ ఒక స్థాయి కిందే.

మన భాషలో చెప్పాలంటే ఇది ఎన్‌కోడింగ్ సమస్య. యూనికోడ్ రాకముందు ఫాంటు పేరు చెప్పకుండా తెలుగు ఫైలు పంపితే అవతలివాడికి పిచ్చి అక్షరాలు కనిపించేవి కదా, అలాగన్నమాట. మన కర్ణాటక సంగీతంలో స్వరం కింద చుక్క పెడితే మంద్రం, పైన పెడితే తారం. అనుమానానికి తావే లేదు. అక్కడ కూడా మందు ఉంది: క్లెఫ్ కింద చిన్న 8 అంకె వేస్తే "ఒక స్థాయి కింద" అని అర్థం.

నేను ఆ 8 వెయ్యలేదు. తప్పు నాదే. కాయితం దిద్ది, ఆదివారం వాడికి సారీతో సహా ఇచ్చాను.