తమిళ-మలయాళ సంబంధం: ‘తల్లి’, ‘సోదరి’ వాదాల పరిశీలన

మలయాళం తమిళానికి కుమార్తెయా, సోదరియా అనే ప్రశ్న ద్రావిడ భాషా చరిత్రలో చాలాకాలంగా చర్చలో ఉంది. ‘తమిళం’ అనే మాటను ఏ అర్థంలో తీసుకుంటున్నామో నిర్ణయించుకోనిదే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1856లో వెలువడిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో కాల్డ్వెల్, మలయాళాన్ని తమిళం నుండి ప్రాచీనకాలంలోనే చీలి బాగా మార్పు చెందిన శాఖగా పరిగణించాడు. క్రియలలో పురుషబోధక ప్రత్యయాల లోపం, సంస్కృత పదాల ఆధిక్యం ఆయన చూపిన ప్రధాన భేదాలు. ‘కేరళపాణినీయం’ రచించిన ఎ.ఆర్. రాజరాజవర్మ చేరనాటి కొడున్తమిళం నుండి మలయాళం పరిణమించిందని భావించి, ఆ పరిణామాన్ని ఆరు సూత్రాలతో వివరించాడు.

క్రియారూపాలను పరిశీలిస్తే ఈ పరిణామ దిశ స్పష్టమవుతుంది. తమిళంలో ‘నాన్ వందేన్, అవన్ వందాన్, అవళ్ వందాళ్’ అని కర్తను బట్టి క్రియ మారుతుంది. తెలుగులోని ‘వచ్చాను, వచ్చాడు, వచ్చింది’ రూపాలూ ఇటువంటివే. నేటి మలయాళంలో మూడింటికీ ‘వన్ను’ ఒక్కటే. అయితే ‘రామచరితం’ వంటి తొలి కావ్యాలలో పురుషబోధక ప్రత్యయాలు కనిపిస్తాయి. అంటే ఈ లోపం మూలభాష నుండి సంక్రమించినది కాదు, తరువాత ఏర్పడినది.

ధ్వనుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘వంద్-’ అనేది ‘వన్న్-’గా మారడం మలయాళ లక్షణమే. కాని గ్రాంథిక తమిళ ‘ఐందు’కు ఎదురుగా మలయాళ ‘అంజు’ను చూపి రెండు భాషల దూరాన్ని కొలవడం సరికాదు, వ్యావహారిక తమిళంలోనూ ‘అంజు’ అనే అంటారు. గ్రాంథిక రూపాలతో మాత్రమే పోల్చినప్పుడు అంతరం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

సాహిత్య సాక్ష్యం కూడా ఇందుకు అనుగుణంగానే ఉంది. సంగం సాహిత్యంలోని ‘పదిట్రుప్పత్తు’ చేరరాజులను కీర్తిస్తుంది. అది తమిళ కావ్య సంపద, కేరళ చరిత్రకు ఆధారం కూడా. 14వ శతాబ్దికి చెందినదిగా భావించే ‘లీలాతిలకం’ నాటికి కేరళ భాషకు ప్రత్యేక లక్షణాలను నిరూపించవలసిన అవసరం ఏర్పడింది. సంస్కృతంలో రచితమైన ఆ లక్షణగ్రంథం మణిప్రవాళాన్ని భాషా-సంస్కృతాల కలయికగా నిర్వచించింది.

భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తమిళ, మలయాళాలు రెండూ దక్షిణ ద్రావిడం-1లో చేరతాయి. తెలుగు దక్షిణ ద్రావిడం-2కు చెందినది. కనుక ఆ రెండింటి సాన్నిహిత్యాన్ని తెలుగుతో వాటికున్న సంబంధానికి నమూనాగా గ్రహించరాదు.

నేటి తమిళం మలయాళానికి తల్లి కాదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పూర్వదశను ప్రాచీనులు ‘తమిళం’ అన్నారు. ఆ దశకూ నేటి భాషకూ ఒకే పేరు ఉండడమే ఈ వివాదానికి మూలం. ఈ భేదాన్ని పాటిస్తే సంగం వారసత్వాన్ని ఏ ఒక్క భాషకో పరిమితం చేయవలసిన అవసరం ఉండదు.