రెండు టెస్టులు, 170 పరుగులు, ఒక ఖాళీ గడి

మొన్నో శుక్రవారం సాయంత్రం బిల్డ్ ఫెయిలయింది. పక్క టీమ్ వాళ్ళు సరిచేసే దాకా నాకు పనేం లేదు. అలాంటప్పుడు క్రికెట్ లెక్కలు తిరగేయడం నాకో పాత అలవాటు. ఇండియా టెస్ట్ బ్యాట్స్‌మెన్‌ని సగటు ప్రకారం వరసపెట్టి చూస్తున్నా. మామూలుగా అందరూ "కనీసం 20 ఇన్నింగ్స్" అని ఫిల్టర్ పెడతారు. ఆరోజు పెట్టడం మర్చిపోయా. సచిన్ (53.78), గవాస్కర్ (51.12) ఇద్దరికంటే పైన ఓ పేరు కనిపించింది. కోటా రామస్వామి. 2 టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66.

ఎవరబ్బా ఈయన? ఇంటిపేరు చూస్తే మనవాడిలా ఉన్నాడే అనుకున్నా. నిజంగానే మనవాడు.

1896లో మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టాడు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. ఇప్పటికీ చెన్నైలో ఆయన పేరుమీద టోర్నమెంట్ ఆడతారు, వినే ఉంటారు. తెల్లవాళ్ళ క్లబ్బులో మనవాళ్ళకి చోటులేని రోజుల్లో, 1888లో, మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టిన మనిషి. రామస్వామి తాతగారింటికి దత్తత వెళ్ళడంతో ఆ ఇంటిపేరు కోటా అయింది.

ఈయన ముందు పేరు తెచ్చుకున్నది టెన్నిస్‌లో. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ 1922లో ఇండియా తరఫున డేవిస్ కప్ ఆడాడు. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఎడమచేతి వాటం బ్యాటింగ్‌తో మద్రాసులో ఏళ్ళ తరబడి క్రికెట్. ఆటగాడిగా మంచి వయసంతా అలాగే గడిచిపోయింది. ఎందుకంటే ఇండియా మొదటి టెస్ట్ ఆడిందే 1932లో. అప్పటికి ఈయనకి 36 ఏళ్ళు.

1936లో ఇంగ్లండ్ వెళ్ళే జట్టులో చోటు దొరికింది. 40 ఏళ్ళు నిండబోతుండగా! కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అంటే మన విజ్జీ. జట్టు నిండా గొడవలే. లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. ఆ మొదటి టెస్టులో రామస్వామి లేడు. రెండోది మాంచెస్టర్లో. మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 కొట్టి మొదటి వికెట్‌కి 203 పరుగులు జోడించారు. తర్వాత ఈయన 60. మ్యాచ్ డ్రా. మూడోది ఓవల్లో ఓడిపోయాం గానీ ఈయన 29, 41 నాటౌట్. అంతే, అయిపోయింది.

అదే సిరీస్‌లో మూడు టెస్టులూ ఆడిన కెప్టెన్ గారు మొత్తం కలిపి కొట్టింది 33 పరుగులు. సర్ బిరుదు మాత్రం ఆ ఏడాదే వచ్చింది :)

"రెండే టెస్టులు కదా, దాన్ని కూడా కెరీర్ అంటారా?" అని నాకూ అనిపించింది. కానీ లెక్క వేసి చూడండి. 1932 నుంచి 1936 వరకు ఇండియా ఆడినవి మొత్తం 7 టెస్టులు. ఆ తర్వాత టెస్ట్ 1946లోనే. అంటే యుద్ధానికి ముందు జరిగిన ఏడింటిలో ఈయన రెండు ఆడాడు. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ ఇరవై ఏళ్ళు నడిచింది, లాగింగ్ ఆన్ చేసింది ఏ నాలుగు రోజులో. లాగ్‌లో రెండు లైన్లే ఉన్నాయని సర్వర్ పనే చేయలేదంటే ఎలా?

అదే జట్టులో ఎం.జె. గోపాలన్ అని ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. 1934లో రంజీ ట్రోఫీ మొదటి బంతి వేసింది ఆయనే. హాకీ కూడా దేశానికి ఆడాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వదులుకుని క్రికెట్ జట్టుతో వెళ్ళాడు. అక్కడ ఒక్క టెస్ట్ కూడా ఆడించలేదు. బెర్లిన్లో హాకీ జట్టుకి స్వర్ణం వచ్చింది. టెస్టుల్లో ఆయన లెక్క: ఒక మ్యాచ్, ఒక వికెట్.

ఇదంతా చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. మాది చల్లపల్లి. తాతయ్య కుర్రాడిగా ఉన్నప్పుడు గట్టిగా బౌలింగ్ వేసేవాడని ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ఆడింది 1953-54లో, అదీ సి.కె. నాయుడు కెప్టెన్‌గా. అంతకుముందు మన కృష్ణా జిల్లా కుర్రాడు పెద్ద క్రికెట్ ఆడాలంటే మద్రాసు బండెక్కాల్సిందే. తాతయ్య వంతు వచ్చేసరికి ఆ బాధ లేదు. బెజవాడ వెళ్ళి ఒక పెద్ద మ్యాచ్ ఆడొచ్చాడు. రెండో మ్యాచ్‌కి పిలుపొచ్చేసరికి నాట్లు మొదలయ్యాయి, ఇంట్లో చేయి సాయం లేదు. వెళ్ళలేదు.

నేను ఇంజనీరింగ్‌లో ఉండగా టీవీలో మ్యాచ్ చూస్తూ "నువ్వు ఆడింది ఒక్కటేగా తాతయ్యా, ఊరుకో" అనేవాడిని. నవ్వేసేవాడు. ఎన్ని వికెట్లు తీశావని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. ఆ మ్యాచ్ స్కోరు ఏ సైట్లోనూ దొరకదు.

రామస్వామి ఆ తర్వాత సెలెక్టర్‌గా చేశాడు, 1953లో వెస్టిండీస్ వెళ్ళిన జట్టుకి మేనేజర్‌గా ఉన్నాడు, ఆత్మకథ రాసుకున్నాడు. 1985 అక్టోబర్లో, 89 ఏళ్ళ వయసులో, మద్రాసు అడయారులోని ఇంట్లోంచి బయటికి వెళ్ళాడు. మళ్ళీ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలీదు. చాలాకాలం రికార్డుల్లో "చనిపోయి ఉండొచ్చు" అనే రాశారు.

డేటాబేస్‌లో ఖాళీ గడి కనిపిస్తే మనం మామూలుగా ఓ డిఫాల్ట్ విలువ వేసి వదిలేస్తాం, లేదా ఆ వరసే తీసేస్తాం. ఈసారి ఫిల్టర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఇంట్లో "ఒక్కటే మ్యాచ్" ఆడిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేసి స్కోరు అడగండి.