కెటలీనా కళ్లు

ఏప్రిల్ 6 దగ్గర పడేసరికి, 1942లో విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ వేసిన బాంబుల కథ మళ్లీ పత్రికలకెక్కుతుంది. ఆ వారం సముద్రం మీద జరిగింది అర్థం కావాలంటే ప్లాస్టిక్ విమానం బొమ్మ ఒకటి అతికించి చూడమంటే నవ్వొస్తుంది గానీ, నా వాదన అదే. నమూనాలు కొత్తవేమీ కావు. నాలుగు వేల ఏళ్ల నాటి చెక్క పడవలు ఈజిప్టు సమాధుల్లో దొరికాయి. మధ్యలోని శతాబ్దాలను ఒక్క గెంతులో దాటేద్దాం. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ 72వ వంతు కొలతలో విమాన కిట్లు అమ్మింది. 1942లో అమెరికా నౌకాదళం, ఏ విమానం ఎవరిదో సైనికులు పోల్చుకోవడానికి, అదే కొలతలో నమూనాలు చెక్కి ఇమ్మని బడిపిల్లలను అడిగింది. ఆటబొమ్మ అని తీసిపారేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక నీటి మీద వాలే విమానం కెటలీనా. 1935లో తొలిసారి ఎగిరింది. అసలు రెక్కల వెడల్పు దాదాపు 32 మీటర్లు. 72వ వంతు కొలతలో, బల్ల మీద 44 సెంటీమీటర్లు. ముక్కలు అతికిస్తుంటే దాని ఆకారమే ప్రశ్నలు వేస్తుంది. రెక్కను ఒంటి స్తంభం మీద అంత ఎత్తున ఎందుకు నిలబెట్టారు? నీటి తుంపర ఇంజన్లకు తగలకూడదు. వెనక పక్కన ఆ రెండు గాజు బుడగలెందుకు? గంటల తరబడి సముద్రాన్ని కళ్లతో జల్లెడ పట్టడానికి. పోరాటం దీని ప్రధాన వృత్తి కాదు, చూడటం. 1942 ఏప్రిల్ 4న కెనడా వైమానిక దళపు 413 స్క్వాడ్రన్‌కు చెందిన లెనార్డ్ బర్చల్ సింహళంలోని కొగ్గల సరస్సు నుంచి లేచి చేసింది ఆ పనే. దీవికి దక్షిణాన సుమారు 560 కిలోమీటర్ల దూరంలో జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం కంటపడింది. ఇంకాస్త దగ్గరికెళ్లి చూసి, వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జపాన్ జీరో యుద్ధవిమానాలు కూల్చేశాయి. తొమ్మిది మందిలో ఆరుగురు బతికి బందీలయ్యారు. మరునాడు కొలంబో మీద దాడి జరిగింది గానీ, హెచ్చరిక ముందే అందింది.

ఆ హెచ్చరికతో మన తీరానికి ఒరిగిందేమిటని అడగొచ్చు. నిజమే, విశాఖకు వచ్చింది వేరే దండు, జపాన్ అడ్మిరల్ ఒజావా నడిపిన దండులోని విమానవాహక నౌక ర్యూజో విమానాలు. సముద్రమంతటినీ కాపలా కాయడానికి కొన్ని కళ్లు ఎలా చాలవో కూడా ఇక్కడే తెలుస్తుంది. యుద్ధాన్ని ఇలా ముచ్చటగా చూపడం తప్పు కాదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. బొమ్మ చావును చూపదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అంత భారీగా, అంత నెమ్మదిగా ఉన్నది జీరోల చేతికి చిక్కితే ఏమవుతుందో దాని ఆకారం చూస్తేనే తెలిసిపోతుంది. వీరగాథలు తరచూ దాచేది అదే.

నమూనాల ఇప్పటి సంగతి కాస్త గజిబిజి. కొలతలు పెరిగాయి, త్రీడీ ముద్రణ వచ్చింది, వాదులాటలూ పెరిగాయి. కిట్ల సంస్థ ఎయిర్‌ఫిక్స్ 1963లో తెచ్చింది చక్రాలున్న 5ఎ రకం కెటలీనా. బర్చల్ నడిపింది చక్రాల్లేని పాత రకం కాబట్టి, అదే కావాలనుకుంటే పక్కల్లోని చక్రాల గుంటలను పుట్టీతో పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్దుకోవాలి.