మూడు వేళ్లు, ఒక తేనెటీగ

ఫ్రాన్సులో తయారయ్యే ఒపినెల్ మడతకత్తి బ్లేడు మీద వేలిగోరంత ముద్ర ఒకటి ఉంటుంది. పైన కిరీటం, కింద మూడు వేళ్లు చాచి దీవిస్తున్న చెయ్యి. ఉల్లిపాయలు తరుక్కునే కత్తికి ఆశీర్వాద హస్తం ఎందుకయ్యా అని ఆరా తీస్తే కథ బైబిలు దాకా పోతుంది. ఆల్ప్స్ లోయలోని సేన్ జాన్ ద మోరియెన్ పట్టణంలో బాప్తిస్మమిచ్చే యోహాను మూడు వేళ్ల ఎముకలు ఉన్నాయని శతాబ్దాల నాటి నమ్మకం. ఆ చెయ్యి ఊరి చిహ్నంలోకి ఎక్కింది. కత్తులు చేసే ప్రతివాడూ తన సరుకు మీద గుర్తు వేయాలని ఫ్రాన్సు రాజు తొమ్మిదో ఛార్లెస్ 1565లోనే హుకుం జారీ చేశాడు. ఆ ఆనవాయితీని పాటిస్తూ 1909లో జోసెఫ్ ఒపినెల్ ఊరి చేతినే తీసుకుని, దానిమీద ఆ సీమనేలిన సవ్వా డ్యూకుల కిరీటం పెట్టుకున్నాడు.

ఫ్రెంచి జేబుకత్తి కొనాలనుకునేవాళ్లు చాలామంది చివరికి తేల్చుకోలేక ఆగేది రెండింటి దగ్గరే: ఒపినెల్, లాయోల్. రెండోదానికీ ఓ ముద్ర ఉంది. పిడి వెన్ను మీద, స్ప్రింగు మొదట్లో, తేనెటీగ. నెపోలియన్ లాయోల్ ఊరివాళ్ల శౌర్యానికి మెచ్చి ఇచ్చాడని అంగళ్లలో చెబుతారు. నెపోలియన్ పోయింది 1821లో, కత్తి పుట్టింది 1829లో! ఈగ వచ్చి వాలింది ఇరవయ్యో శతాబ్దంలోనే.

అసలు కథకు ఈగ అక్కర్లేదు. దక్షిణ ఫ్రాన్సులోని ఒబ్రాక్ పీఠభూమి పశువుల సీమ. అక్కడి లాయోల్ గ్రామంలో పియేర్ జాన్ కాల్మెల్స్ అనే యువకుడు ఈ మడతకత్తిని మొదలుపెట్టాడు. పనుల కోసం స్పెయిన్‌కు వలసపోయి వచ్చినవాళ్లు తెచ్చిన నవాహా కత్తి వంపు తర్వాత దీనికీ అబ్బింది. 1840 ప్రాంతంలో పక్కన ఒక మొనదేలిన ములుకు చేరింది. తడిపచ్చిక మేసి పొట్ట ఉబ్బిన ఆవుకు ఎడమ డొక్కలో గుచ్చి గాలి వదలడానికట. జేబులో పశువైద్యం!

1880 నాటికి సీసా బిరడా లాగే మరమేకు వచ్చింది. ఆవులు కాసేవాడికి అదెందుకు? ఒబ్రాక్ కుర్రాళ్లు అప్పటికి ప్యారిస్ బాట పట్టారు. మొదట మేడలెక్కి ఇళ్లకు నీళ్లు మోశారు, తర్వాత బొగ్గు అమ్మారు, ఆ బొగ్గుకొట్టు పక్కనే వైను పోశారు. మన నగరాల్లో ఉడిపివాళ్లు హోటళ్లు పెట్టినట్టు, ప్యారిస్ కెఫేలు వీళ్ల చేతుల్లోకి వచ్చాయి. 1920లో లిప్ అనే బ్రాసరీ హోటల్‌ను కొని రచయితలకూ మంత్రులకూ అడ్డాగా మార్చిన మార్సెలిన్ కాజ్ లాయోల్ ఊరివాడే. సెలవులకు ఊరొచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ కత్తి కొనుక్కుపోయేవారు. ఆ కత్తితోనే కౌంటరు వెనక సీసాలు తెరిచేవారు.

ఆ తర్వాతి కథ అంత కులాసాగా లేదు. మొదటి ప్రపంచయుద్ధం మగవాళ్లను మింగేసింది, తయారీ క్రమంగా కత్తుల పట్నం తియేర్‌కు తరలిపోయింది. ఊళ్లో కొలిమి చల్లారింది. 1987లో ‘ఫోర్జ్ ద లాయోల్’ సంస్థ దాన్ని మళ్లీ రగిలించింది. దాని కార్ఖానాను డిజైను చేసిన ఫిలిప్ స్టార్క్ కప్పు మీద 18 మీటర్ల బ్లేడు నిలబెట్టాడు. ఇంతలో 1993లో ఊరికి సంబంధంలేని వ్యాపారి ఒకాయన ఆ పేరును ట్రేడ్‌మార్కు చేసుకున్నాడు. 2012లో గ్రామస్థులు కడుపుమండి, మా ఊరికి ఈ పేరే వద్దంటూ నిరసనకు దిగారు. ఎక్కడ చేసిన కత్తికైనా ఊరి పేరు తగిలించేవారు, ఊరివాళ్లు మాత్రం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఒపినెల్‌కు ఆ గండం తగల్లేదు, అది ఊరి పేరు కాదు, ఇంటిపేరు. గొడ్డళ్లు చేసే తండ్రి కొలిమిలో జోసెఫ్ 1890లో మొదలుపెట్టినప్పుడు అతని వయసు పద్దెనిమిది. 1897కల్లా 1 నుంచి 12 దాకా సైజులు. చిటికెన వేలంత ఒకటో నంబరూ, పదికీ పన్నెండుకూ మధ్య ఇరుక్కున్న పదకొండూ తర్వాత పోయాయి. ఒకటో నంబరు పోయినందుకు దిగులే. పొగాకు పైపు శుభ్రం చేసుకునేవాళ్లు దాన్ని గొలుసుకు తగిలించుకునేవారు!

రెండూ చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఒపినెల్‌ది బీచి చెక్క పిడి, మెడలో ఉక్కు కట్టు. బ్లేడు తెరిచి కట్టును బొటనవేలితో తిప్పితే దానిలోని చీలిక పక్కకు జరిగి బ్లేడు బిగుసుకుంటుంది. 1955లో వచ్చిన ఏర్పాటిది. చెక్క తడిస్తే ఉబ్బి బ్లేడు ఓ పట్టాన తెరుచుకోదు. కార్బన్ ఉక్కుదైతే నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది, అయినా సానరాయి మీద నాలుగు రాపిళ్లకే పదునెక్కుతుంది. సంప్రదాయపు లాయోల్‌కు తాళం లేదు, స్ప్రింగే దిక్కు. టప్పున మూస్తే వాదర స్ప్రింగుకు తగిలి దెబ్బతింటుంది, చేత్తో నెమ్మదిగా మూయాలి.

రోజూ పండ్లు కోయడానికైతే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడున్న ఎనిమిదో నంబరు ఒపినెల్ చాలు. లాయోలే కావాలనుకుంటే ఈగను చూసి మోసపోవద్దు, చేసిన సంస్థ పేరూ ఊరూ అడిగి కొనండి. ప్యారిస్ నుంచి ఎవరైనా తెస్తుంటే మాత్రం చెక్‌ఇన్ సామానులో వేయమని ముందే చెప్పండి, చేతిసంచిలో ఉంటే విమానాశ్రయంలోనే లాగేసుకుంటారు.