కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్

వెబ్‌సైట్లలోని బొమ్మలు, వీడియోలు, ఇతర ఫైళ్ల నకళ్లను పలు ప్రాంతాల సర్వర్లలో ఉంచి, వినియోగదారుకు చేరువలోని సర్వర్ నుంచి అందించే వ్యవస్థ. సంక్షిప్తంగా సీడీఎన్ అంటారు. దీనివల్ల సమాచారం త్వరగా చేరుతుంది. మూల సర్వర్‌పై భారం తగ్గుతుంది.

చరిత్ర: 1990ల మధ్యలో వెబ్ రద్దీ సమస్యపై అమెరికాలోని ఎంఐటీలో టామ్ లైటన్, డేనియల్ లెవిన్ తదితరులు పరిశోధించారు. వీరి బృందం 1997లో ‘కన్సిస్టెంట్ హాషింగ్’ పద్ధతిని ప్రచురించింది. ఏ ఫైలు ఏ సర్వర్‌లో ఉండాలో ఇది నిర్ణయిస్తుంది. సర్వర్లను చేర్చినా, తొలగించినా కొద్ది ఫైళ్లే చోటు మారతాయి. 1998లో లైటన్, లెవిన్ సీడీఎన్ సేవలందించే అకమాయ్ సంస్థను స్థాపించారు. లెవిన్ 2001 సెప్టెంబరు 11 దాడుల్లో మరణించారు.

పనితీరు: వెబ్‌సైట్ పేరును సర్వర్ చిరునామాగా మార్చే డీఎన్ఎస్ వ్యవస్థ దూరం, రద్దీలను బట్టి తగిన సర్వర్ చిరునామా ఇస్తుంది. అక్కడ నకలు లేకపోయినా, గడువు తీరినా మూల సర్వర్ నుంచి తెప్పిస్తారు.