నవ సంప్రదాయవాదం: మేధోమూలాలపై వివాదం

2003లో అమెరికా ఇరాక్‌పై యుద్ధానికి దిగినప్పుడు 'నవ సంప్రదాయవాదులు' అనే మాట ప్రపంచ పత్రికల్లో మారుమోగింది. యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ వంటివారిని ఈ పేరుతో పిలిచారు. ఆ తరువాత సంపర్క తరగతులకు వచ్చిన విద్యార్థులు చాలామంది నవ సంప్రదాయవాదమంటే యుద్ధవాదమేనని రాసేవారు. అది పూర్తిగా తప్పని అనను. కాని చరిత్రను చివరి నుంచి మొదటికి చదవడం వల్ల వచ్చే చిక్కు అందులో ఉంది. ఈ భావధార ఎక్కడ పుట్టిందనే ప్రశ్నకు ప్రధానంగా మూడు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటి సమాధానం మనల్ని 1930ల చివర న్యూయార్క్ సిటీ కాలేజీకి తీసుకువెళుతుంది. అక్కడ ఫీజు లేదు. పేద యూదు వలస కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివేవారు. కాలేజీ ఫలహారశాలలో గోడవెంట చిన్న చిన్న అరలు ఉండేవి. మొదటి అరలో స్టాలిన్‌ను వ్యతిరేకించే వామపక్ష విద్యార్థులు, రెండో అరలో కమ్యూనిస్టు పార్టీ అభిమానులు చేరి రోజంతా వాదించుకునేవారు. ఇర్వింగ్ క్రిస్టల్, డేనియల్ బెల్, నేథన్ గ్లేజర్, ఇర్వింగ్ హౌ మొదటి అరకు చెందినవారు. క్రిస్టల్ కొంతకాలం ట్రాట్‌స్కీ అనుయాయి. దీన్ని పట్టుకొని నవ సంప్రదాయవాదం తలకిందులైన ట్రాట్‌స్కీవాదమేనని కొందరు వాదించారు. అయితే బెల్, గ్లేజర్ ఎన్నడూ ట్రాట్‌స్కీవాదులు కారు. 'కామెంటరీ' పత్రికను 1960 నుంచి నడిపిన నార్మన్ పొడోరెట్జ్ వీరికంటే చిన్నవాడు, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివినవాడు. ఇర్వింగ్ హౌ అయితే చివరిదాకా సోషలిస్టుగానే ఉండిపోయాడు. ఒకే అరలో కూర్చున్నవారంతా ఒకే దారి పట్టలేదు.

రెండో సమాధానం షికాగో విశ్వవిద్యాలయంలో బోధించిన జర్మన్ యూదు తత్త్వవేత్త లియో స్ట్రాస్‌ను చూపిస్తుంది. స్ట్రాస్ తనను ప్రభావితం చేశాడని క్రిస్టల్ స్వయంగా ఒప్పుకున్నాడు. వుల్ఫోవిట్జ్ కూడా ఆయన తరగతుల్లో కూర్చున్నాడు. కాని వుల్ఫోవిట్జ్ పరిశోధన చేసింది అణువ్యూహ నిపుణుడు ఆల్బర్ట్ వోల్‌స్టెటర్ దగ్గర. 1973లో మరణించిన స్ట్రాస్ రాసింది ప్రధానంగా ప్లేటో, మాకియవెల్లి, హాబ్స్ వంటివారి గురించి. ఇరాక్ యుద్ధ బాధ్యతను ఆయన గ్రంథాలకు అంటగట్టడం అతిశయోక్తి అని నా అభిప్రాయం.

నాకు బలంగా కనిపించేది మూడో సమాధానం. 1965లో క్రిస్టల్, బెల్ కలిసి 'ది పబ్లిక్ ఇంటరెస్ట్' అనే పత్రికను స్థాపించారు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 'గ్రేట్ సొసైటీ' పేరుతో పేదరికంపై సమరం ప్రకటించిన రోజులవి. ఆ పత్రికలో రాసినవారిలో ఎక్కువమంది డెమోక్రాట్లే. సంక్షేమ రాజ్యాన్ని కూల్చాలని వారు కోరలేదు. ఫలానా పథకం అనుకున్న ఫలితం ఇచ్చిందా, అనుకోని ఫలితం ఏమైనా వచ్చిందా అని లెక్కలు తీసి అడిగారు. అదే ఏడాది కార్మిక శాఖ అధికారి డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ నల్లజాతి కుటుంబాలపై ఒక నివేదిక రాశాడు. బానిసత్వం, నిరుద్యోగం ఆ కుటుంబాలను ఎలా ఛిన్నాభిన్నం చేశాయో వివరించి, ప్రభుత్వం పూనుకోవాలని కోరాడు. బాధితులనే నిందిస్తున్నాడని ఉదారవాదులు, పౌరహక్కుల నాయకులు విరుచుకుపడ్డారు. ఆ విమర్శకు ఆధారం లేకపోలేదు. కుటుంబ వ్యవస్థ గురించి అతడు వాడిన భాష గాయపరిచేదే. కాని తమ శిబిరమే తమను వెలివేసిందనే భావన ఈ మేధావుల్లో నాటుకున్నది ఇటువంటి ఘర్షణల్లోనే. 1968 నాటి విద్యార్థి ఆందోళనలు దానిని మరింత పెంచాయి.

ఈ పేరు ప్రచారంలోకి వచ్చిన తీరు కూడా గమనించదగినదే. 1973లో సోషలిస్టు రచయిత మైఖేల్ హారింగ్టన్ సంక్షేమ రాజ్య విమర్శకులను ఎత్తిపొడుస్తూ దీనిని వాడాడు. అంటే అది ప్రత్యర్థి తగిలించిన బిరుదు. విదేశాంగ విధానం అప్పటికి దాని కేంద్రం కాదు. క్రిస్టల్ ఆ పేరును సంతోషంగా స్వీకరించాడు, బెల్ తిరస్కరించాడు. 1972 ఎన్నికల్లో క్రిస్టల్ నిక్సన్ వైపు, బెల్ మెక్‌గవర్న్ వైపు నిలిచారు. మరుసటి ఏడాది బెల్ సంపాదకత్వం వదులుకున్నాడు.

విదేశాంగ విధానం ముందుకు వచ్చింది వియత్నాం తరువాతే. 1979లో జీన్ కర్క్‌పాట్రిక్ 'కామెంటరీ'లో రాసిన వ్యాసం రీగన్‌ను ఆకర్షించింది. ఆమె ఐక్యరాజ్యసమితిలో రాయబారి అయింది. 1990లలో క్రిస్టల్ కుమారుడు విలియం వంటి రెండో తరం సైనికశక్తితో ప్రజాస్వామ్య విస్తరణ అనే వాదాన్ని తలకెత్తుకుంది.

మొయినిహాన్ సంగతి వేరు. 1973 నుంచి 1975 వరకు ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన ఆయన, తరువాత డెమోక్రాట్‌గానే సెనేటర్ అయ్యాడు. 1991లో గల్ఫ్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. 1996లో పేద కుటుంబాలకు నగదు సహాయ హామీని రద్దు చేసే బిల్లును తన పార్టీ అధ్యక్షుడు క్లింటన్ ఆమోదించినా, ఆయన దానికీ వ్యతిరేకంగానే ఓటు వేశాడు.