నైజర్ లోపలి డెల్టా

మాలీ నడిబొడ్డున, సహారా అంచున నైజర్ నది ఏటా పరుచుకునే వరద మైదానం ఇది. సముద్రం ఇక్కడికి చాలా దూరం, అందుకే ‘లోపలి’ డెల్టా అన్నారు. వరద బాగా వచ్చిన ఏడాది 20,000 చదరపు కిలోమీటర్లు మునుగుతాయి, కరువు ఏడాది అందులో సగమూ తడవదు. వాన పడేది ఎగువన గినీ కొండల్లో. ఆ నీరు మోప్తీ దగ్గర గట్లు తాకేసరికి అక్టోబరు, టింబక్టు చేరేసరికి డిసెంబరు దాటుతుంది. అంటే ఇక్కడ ఆకాశం తేటపడ్డాకే నేల మునుగుతుంది. బోజోలు చేపలు పడతారు, ఫులానీలు పశువులు కాస్తారు, మార్కాలు వరి పండిస్తారు అని పుస్తకాలు చెప్పే మాట తప్పు కాదు గానీ, అసలు సంగతి అందులో లేదు. అందరికీ నేల ఒక్కటే, మారేది నెల. తొలకరికి చల్లిన వరి, వరదతోపాటు కాడ సాగి నీటిపైకి తల ఎత్తుతుంది. కొన్నిచోట్ల పడవల మీంచే కోస్తారు. మన వరికి ఇది దాయాది, ఆఫ్రికాలోనే సాగులోకి వచ్చిన వేరే జాతి. మునిగిన గడ్డిలో చేప పిల్లలు పెరుగుతాయి. నీరు తీసేటప్పుడు బోజోలు కాలువ నోళ్ల దగ్గర వలలు కడతారు. ఆ తర్వాత అదే పల్లంలోకి మందలు దిగుతాయి. వాటికి కావలసింది బూర్గూ గడ్డి. దాని కాడలో ఎంత తీపి ఉంటుందంటే, దాంతో మనుషులు పానీయం కూడా చేసుకుంటారు.

ఈ వంతులకు కట్టుబాటు రాసింది 1818లో సేకూ అమదూ స్థాపించిన మసీనా రాజ్యం. పశువుల దారులు, విడిది చోట్లు, ఏ మంద ముందు దిగాలన్నది అప్పుడే ఖరారయ్యాయి. జాఫరాబే రేవులో మందలు నది ఈదే రోజును నేటికీ పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. బీళ్ల పెద్దలైన జోరోలు బయటి మందల దగ్గర పుల్లరి వసూలు చేస్తారు. అది ఫులానీ దొరల ఏర్పాటే కదా, పొలం దున్నింది వాళ్ల దాసులైన రిమాయిబేలే కదా అంటే, నిజమే. న్యాయమైన ఏర్పాటు కాదు, పాత కోపాలు ఇంకా రగులుతున్నాయి. అయినా ఎవరు ఎప్పుడు దిగాలన్న లెక్క మాత్రం పనిచేసింది.

2012 తర్వాత ఈ ప్రాంతంలో జరుగుతున్న రక్తపాతానికి జాతివైరమే మూలమనే వాదన అంత నిలిచేది కాదు. 1970, 80 దశకాల కరువులకు తోడు, ఎగువన 1982లో సెలింగే ఆనకట్ట వచ్చింది; మర్కాలా బ్యారేజీ అంతకుముందు నుంచే సాగు కాలువలకు నీరు మళ్లిస్తోంది. వరద తగ్గేసరికి, వరి బూర్గూ పెరిగే లోతట్టులోకి దిగింది; కోత ముగియకముందే మంద గట్టు మీద నిలబడుతోంది. పైగా కరువులో పశువులు పోగొట్టుకున్న ఫులానీలు నాగలి పట్టారు, మిగులు పంట అమ్మిన రైతులు ఆవులు కొన్నారు. నేడు చాలా మందల్లో పశువులు పట్నపు వ్యాపారులవి, ఉద్యోగులవి. జీతానికి కాసేవాడు ఫులానీ.